గ్రేస్ అనాటమీలో సొంతవాళ్ళు, రోగులు, రూల్సు: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రేస్ అనాటమీ అనే అమెరికన్ డాక్టర్ల సీరియల్ చూసేవాళ్ళు తిప్పితిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. ఇజ్జీ చేసింది నేరమా, ప్రేమా? మెరెడిత్‌ను తిట్టాలా, మెచ్చుకోవాలా? నిజం ఆస్పత్రిలో ఇలా జరిగితే ఎవరూ అడగరా? ఇంట్లో ఒక డాక్టరో నర్సో ఉన్నవాళ్ళయితే మరీను. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. కథలో ఏ దశలో వచ్చే సందేహం ఆ దశ కింద ఉంటుంది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. కథ మలుపులన్నీ బయటపెట్టేశాను కాబట్టి, ముందే తెలిస్తే మజా పోతుందనుకునేవాళ్ళు ఆ సీజన్ చూశాకే ఆ భాగానికి రండి.

## చూడటం మొదలుపెట్టే ముందు

ఇదంతా డాక్టర్ల ప్రేమ వ్యవహారాలే కదా, నీతి నియమాల గొడవ ఎక్కడుంది?

ప్రేమ వ్యవహారాలు ఎక్కువే, కాదనలేం. కానీ కథకు పునాది మాత్రం కుటుంబమే. 2005 మార్చి 27న ఏబీసీ చానల్‌లో మొదలైన ఈ సీరియల్‌ను సృష్టించింది షోండా రైమ్స్. కథ సియాటిల్‌లోని ఒక టీచింగ్ ఆస్పత్రిలో జరుగుతుంది. ఇంటర్న్‌గా చేరిన మెరెడిత్ గ్రే తల్లి ఎల్లిస్ గ్రే పేరుమోసిన సర్జన్. ఆవిడకు చిన్నవయసులోనే అల్జీమర్స్ వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని కూతురి దగ్గర మాట తీసుకుంది. ఆస్పత్రి చీఫ్ రిచర్డ్ వెబర్‌కీ ఎల్లిస్‌కీ ఒకప్పుడు సంబంధం ఉంది. అంటే ఆ అమ్మాయి డ్యూటీలో చేరిన రోజుకే ఇంటి రహస్యాలు ఆస్పత్రిలో ఆమెకంటే ముందే ఉన్నాయన్నమాట.

మన సాయంత్రం సీరియళ్ళలో ఆస్పత్రి సీనంటే ఐసీయూ తలుపు, దానిమీద ఎర్రబల్బు, బయట బెంచీమీద ఏడుపు. ఇక్కడ ఆ ఏడ్చేవాళ్ళ చేతిలోనే కత్తి ఉంటుంది. గొడవంతా అక్కడే.

ఇరవై సీజన్లు పైనే ఉన్నాయి. ఈ విషయం కోసమే అయితే ఏవి చూస్తే సరిపోతుంది?

రెండో సీజన్ చివరి ఎపిసోడ్లు (ఇజ్జీ, డెన్నీ), మూడో సీజన్ మొదటి సగం (జార్జ్ తండ్రి), ఆరో సీజన్ (కాలేయ దానం, వెబర్ తాగుడు), ఏడో సీజన్ చివరి భాగం, ఎనిమిదో సీజన్ మొదలు (అల్జీమర్స్ ట్రయల్), పన్నెండో సీజన్ (బెయిలీ, బెన్), పదిహేనో సీజన్ చివర, పదహారు మొదట్లో (ఇన్సూరెన్స్ మోసం). తీరిక లేనివాళ్ళు ఏడు, ఎనిమిది చూసినా చాలు. నా లెక్కలో సీరియల్ మొత్తంలో గట్టిగా రాసిన తగువు అదే.

ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక పట్టాన అర్థం కావడం లేదు. క్లుప్తంగా చెప్తారా?

మెరెడిత్ తల్లి ఎల్లిస్, తండ్రి థాచర్. తండ్రి వదిలేసి వెళ్ళి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ రెండో సంసారంలో పుట్టిన లెక్సీ, మెరెడిత్‌కు చెల్లెలి వరస. ఎల్లిస్‌కు, చీఫ్ వెబర్‌కు పుట్టి, దత్తత వెళ్ళి, పెద్దయ్యాక అదే ఆస్పత్రికి గుండె సర్జన్‌గా వచ్చిన మ్యాగీ ఇంకో చెల్లెలు. భర్త డెరిక్ షెపర్డ్ న్యూరోసర్జన్. అతని చెల్లెలు అమీలియా మెరెడిత్‌కు ఆడపడుచు, ఆవిడా న్యూరోసర్జనే. థాచర్ తప్ప వీళ్ళంతా ఏదో ఒక దశలో ఒకే ఆస్పత్రిలో పనిచేశారు. ఇక మెరెడిత్ తోటి ఇంటర్నులు క్రిస్టీనా, అలెక్స్, జార్జ్, ఇజ్జీ రక్తసంబంధం లేని కుటుంబం. కథలో నియమాలు తప్పింది రక్తసంబంధం కోసం కంటే ఈ కట్టుకున్న బంధాల కోసమే ఎక్కువ.

## మొదటి మూడు సీజన్లు

ఇజ్జీ ఎల్‌వ్యాడ్ వైరు ఎందుకు కోసింది? ప్రాణం కాపాడటానికే కదా?

డెన్నీ డ్యుకెట్ కొత్త గుండె కోసం ఎదురుచూస్తున్న రోగి, ఇజ్జీ ప్రేమించిన మనిషి. ఎల్‌వ్యాడ్ అంటే గుండెకు తోడుగా రక్తాన్ని తోసే పంపు. దాని మీదే బతుకుతున్నాడు. ఒక గుండె దొరికింది, కానీ ఇంకో ఆస్పత్రిలో ఎరికా హాన్ అనే సర్జన్ దగ్గరున్న రోగి డెన్నీ కంటే 17 సెకన్ల ముందు జాబితాలో చేరాడు. అమెరికాలో అవయవాల పంపిణీ చూసే యూనోస్ లెక్కలో రోగి పరిస్థితి ఎంత విషమిస్తే వరుసలో అంత ముందుకొస్తాడు. ఇజ్జీ ఆ లెక్కనే వాడుకుంది. వైరు కోసి, డెన్నీని కావాలనే చావు అంచుకు తీసుకెళ్ళి, ముందుకు జరిపింది.

డెన్నీకి గుండె దక్కింది. ఆపరేషన్ అయిన కొద్ది గంటలకే స్ట్రోక్ వచ్చి పోయాడు. చూసేవాళ్ళు అక్కడ కన్నీళ్ళు పెట్టుకుంటారు, తప్పులేదు. కానీ ఆ 17 సెకన్ల ముందువాడు ఏమయ్యాడు? రెండో సీజన్‌లో అతన్నెవరూ తలుచుకోరు. 2008లో వచ్చిన ఐదో సీజన్‌లో అతను మళ్ళీ గుండె కావాల్సి ఇదే ఆస్పత్రికి వస్తాడు. అప్పటికి అక్కడే చేరిన హాన్‌కు అసలు విషయం తెలిసి నిప్పులు చెరుగుతుంది. చాలామంది ఆవిణ్ణి గయ్యాళి అనుకుంటారు. ఆ ఎపిసోడ్‌లో తన రోగి తరఫున మాట్లాడుతున్నది ఆవిడొక్కతే.

తోటి ఇంటర్నులు ఎందుకు నోరు విప్పలేదు? అది స్నేహమా, నేరంలో పాలా?

రెండూ. చీఫ్ వెబర్ ఒక్కొక్కరినీ పిలిచి గుచ్చిగుచ్చి అడిగాడు, ఒక్కరూ పేరు చెప్పలేదు. చివరికి డెన్నీ చనిపోయాక ఇజ్జీయే నేరం ఒప్పుకుని, ఎవరూ సాయం చేయలేదని చెప్పి వెళ్ళిపోయింది.

ఇందులో ఇంకో పొర ఉంది. ఆ విచారణ జరిగే రోజుల్లోనే వెబర్ మేనకోడలు కమీల్ క్యాన్సర్ తిరగబెట్టి అదే ఆస్పత్రిలో ఉంది. ఆ పిల్ల కోసం ఆస్పత్రిలోనే స్కూలు ఫేర్‌వెల్ డాన్సు ఏర్పాటు చేయమని అదే ఇంటర్నులకు పని అప్పగించాడు చీఫ్. ఒకచేత్తో క్రమశిక్షణ, ఇంకోచేత్తో సొంతింటి పిల్ల కోసం ఆస్పత్రి హాలు. ఆయన కోపం నిజమే. కానీ ఆ సమయంలో ఆయన ఎంత చీఫో అంత మేనమామ కూడా. ఆ సంగతి గమనిస్తే ఇజ్జీని తిరిగి చేర్చుకోవడం అంత వింతగా అనిపించదు.

బర్క్ చేయి వణుకుతోందని క్రిస్టీనా దాచింది కదా. దాన్ని కూడా ప్రేమ కింద వదిలేయాలా?

వదిలేయకూడదు. గుండె సర్జన్ బర్క్‌కు తుపాకీ గుండు తగిలాక చేయి వణకడం మొదలైంది. క్రిస్టీనా అతని ఆపరేషన్లన్నిటికీ పక్కనే నిలబడి, కష్టమైన చోట తనే కుట్లు వేస్తూ నెట్టుకొచ్చింది. బల్ల మీద పడుకున్నవాళ్ళకు తమను కోసేది ఎవరో తెలియదు. అసలు తప్పు అక్కడ. వణుకు వల్ల ప్రాణం పోయిందా లేదా అన్నది తర్వాతి ప్రశ్న. రోగి సంతకం పెట్టింది ఒక సర్జన్ పేరు చూసి, పని చేసింది ఇంకొకరు.

ఇది బద్దలైన తీరు బాగుంటుంది. జార్జ్ తండ్రి హెరాల్డ్‌కు గుండె కవాటం ఆపరేషన్ బర్కే చేయాలి. కొడుకుకి అనుమానం తగిలింది. తోటివాళ్ళ రహస్యం కంటే తండ్రి ప్రాణం ముఖ్యమని ఎరికా హాన్‌ను పిలిపించుకున్నాడు. ఆ తర్వాతే క్రిస్టీనా చీఫ్ దగ్గరకెళ్ళి చెప్పింది. మిగతా రోగుల తరఫున అడగడానికి లోపల ఒక కొడుకు లేడు, అంతే తేడా.

జార్జ్ సొంత కొడుకు, పైగా డాక్టరు. తండ్రి ఆపరేషన్ సంగతి అతనికి చెప్పకుండా దాచడం అన్యాయం కాదా?

మనవాళ్ళను ఎక్కువ గుచ్చే ప్రశ్న ఇదే. హెరాల్డ్‌కు అన్నవాహిక క్యాన్సర్. లోపల తెరిచాక అది పాకిపోయి కనిపించినా సరే, గడ్డ తీసేయండని ఆయన ముందే వెబర్‌నూ, ఇంటర్నులకు పైనున్న డాక్టరు బెయిలీనీ అడిగాడు. పాకితే గడ్డ తీయకుండా మూసేయడమే మేలని వైద్యం తెలిసిన జార్జ్ వాదించేవాడు. ఆయనకు ఆ సంగతి తెలుసు, అందుకే కొడుక్కి చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత ఒక్కో అవయవం ఆగుతూ వచ్చింది. చివరికి కుటుంబం వెంటిలేటర్ తీసేయడానికి ఒప్పుకుంది.

మన ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతుంది. 'నాన్నకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు' అని కారిడార్‌లో పక్కకు పిలిచి చెప్పడం మనకు అలవాటు. పెద్దాయన బీపీ, షుగరు గురించి మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా రిపోర్టు కవరు వెనక్కి దాస్తుంటారు. హెరాల్డ్ విషయంలో తెలిసింది రోగికి, తెలియనిది కొడుక్కి. వెబర్, బెయిలీ రోగి మాట నిలబెట్టారు. జార్జ్ కోపం కొడుకు కోపం, అర్థమవుతుంది. కానీ ఆ శరీరం హెరాల్డ్‌ది.

## ఆరు నుంచి ఎనిమిదో సీజన్ దాకా

పెంచని తండ్రికి మెరెడిత్ కాలేయం ఎందుకిచ్చింది? ఇవ్వకపోతే తప్పయ్యేదా?

తప్పయ్యేది కాదు. థాచర్ తాగుడు వల్ల కాలేయం చెడి, రక్తం కక్కుకుంటూ వచ్చాడు. లెక్సీ కాలేయం సరిపోలలేదు, మెరెడిత్‌ది సరిపోయింది. ఆమె ఇచ్చింది తండ్రి మీద ప్రేమతో కాదు, ఆ తండ్రి మీద ప్రాణం పెట్టుకున్న చెల్లెలి కోసం.

అమెరికాలో బతికున్న దాతకు ప్రత్యేకంగా ఒక సలహాదారు ఉండాలని 2007 నుంచి నియమం ఉంది. ఆ మనిషి రోగి వైపు కాదు, దాత వైపే చూడాలి. లోపల ఇష్టం లేక ఇంట్లో చెప్పలేని దాతకు 'వైద్యపరంగా కుదరదు' అని ఒక మర్యాదైన దారి చూపించే అలవాటు కూడా అక్కడి సెంటర్లలో ఉంది. మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువుల జాబితా ఇచ్చింది. 2011 సవరణలో అందులోకి తాతలు, అవ్వలు, మనవలు కూడా చేరారు. ఆ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఇచ్చి తీరాలని కాదు. ఇంట్లో అందరూ ఒక కోడలి వైపో, పెళ్ళికాని కూతురి వైపో చూస్తూ కూర్చోవడం చట్టంలో ఎక్కడా లేదు.

ఇంకో మాట. కుటుంబం కోసం చేసిన పనుల్లో ఇది మాత్రం ఇంకో రోగి నోటి దగ్గరి కూడు లాగలేదు. జాబితాలో ఎవరినీ తోయలేదు, ఏ కాగితం మార్చలేదు. తన ఒంట్లోది తను ఇచ్చింది.

వెబర్ మళ్ళీ తాగుతున్నాడని మెరెడిత్ బయటపెట్టింది. తండ్రిలాంటివాడికి అది ద్రోహం కాదా?

ఆయన దాచమన్నాడు, ఆమె కొన్నాళ్ళు దాచింది, చివరికి డెరిక్‌కు చెప్పింది. డెరిక్ బోర్డు దాకా తీసుకెళ్ళాడు. వెబర్ చికిత్సకు వెళ్ళాడు, డెరిక్ చీఫ్ అయ్యాడు. డెరిక్‌కు కుర్చీ దక్కడం వల్ల ఈ పనికి కాస్త మకిలి అంటింది. సీరియల్ ఆ మకిలిని కడిగేయదు, అది మంచి రచన.

మందు తాగే సర్జన్ గురించి చెప్పడం చాడీ కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వ్యసనంలో పడ్డ డాక్టర్ల కోసం ప్రత్యేక చికిత్సా కార్యక్రమాలున్నాయి. కోలుకుని నిఘాలో ఉంటూ తిరిగి పనిలో చేరొచ్చు. దాచడం వల్ల రోగికే కాదు, ఆ డాక్టరుకూ నష్టమే.

అల్జీమర్స్ ట్రయల్‌లో మెరెడిత్ చేసింది నిజంగా అంత పెద్ద తప్పా? ఒక్క ప్యాకెట్టు మార్చింది, అంతేగా?

అంతే. కానీ ట్రయల్ నిలబడేదే ఆ ప్యాకెట్టు మీద.

డెరిక్, మెరెడిత్ కలిసి అల్జీమర్స్ మందు మీద క్లినికల్ ట్రయల్, అంటే కొత్త మందును రోగుల మీద పరీక్షించి చూసే పరిశోధన, నడుపుతున్నారు. సగంమందికి అసలు మందు, మిగతావారికి ప్లసీబో, అంటే మందు లేని ఉత్తిది. ఎవరికేది పడిందో రోగికీ తెలియకూడదు, డాక్టరుకూ తెలియకూడదు. వెబర్ భార్య అడెల్ కూడా అందులో చేరింది. ఆవిడకు ప్లసీబో వచ్చిందని మెరెడిత్‌కు తెలిసిపోయింది. మెరెడిత్ చిన్నప్పటి నుంచి ఆమె తల్లి ప్రేమించిన మనిషి వెబర్. తల్లి మతి పోతుంటే దగ్గరుండి చూసిన కూతురు మెరెడిత్. అదే జబ్బు ఇప్పుడు ఆయన భార్యకు. ఆమె ప్లసీబో తీసి అసలు మందు పెట్టింది.

ఆ క్షణంలో ఆమె చేతి దగ్గర కెమెరా ఆగుతుంది. చూసేవాళ్ళలో చాలామంది 'మార్చెయ్, మార్చెయ్' అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఇక లెక్క చూడండి. డాక్టరుకు ఇష్టమైనవాళ్ళకు మందు, తెలియనివాళ్ళకు ఉత్తి నీళ్ళు అని తేలితే ఆ ట్రయల్ ఫలితం ఎవరూ నమ్మరు. మందు నిజంగా పనిచేసేదైనా సరే, ఆ సమాచారం చెత్తబుట్టలోకే. తలకు రంధ్రం పెట్టించుకుని, బాగవుతుందో లేదో తెలియకుండానే ఒప్పుకున్న మిగతా రోగులంతా అనవసరంగా ప్రమాదం నెత్తికెత్తుకున్నట్టయింది. పైగా ప్లసీబోలో పడ్డ మిగతా ముసలివాళ్ళకు కూడా ఇంట్లో ఎవరో వెబర్‌లాంటి భర్త ఉండే ఉంటాడు. అతనికి లోపల తెలిసిన మనిషి లేడు.

ఫలితం? ట్రయల్ ఆగింది, మెరెడిత్ ఉద్యోగం పోయింది, దత్తత తీసుకుంటున్న మలావీ పాప జోలాను కొన్నాళ్ళు తీసుకెళ్ళిపోయారు. వెబర్ నేరం తన మీద వేసుకుని, అప్పటికి మళ్ళీ చేతికొచ్చిన చీఫ్ పదవి వదిలాడు, మెరెడిత్ తిరిగి పనిలో చేరింది. అంటే ఒక కుటుంబ విధేయత కోసం చెడిన పనిని ఇంకో కుటుంబ విధేయతతో కప్పారు. ఆస్పత్రి రికార్డులో ఉన్నది అబద్ధం. సీరియల్ దీన్ని త్యాగంలా చూపిస్తుంది. నాకు మాత్రం అక్కడ ఒళ్ళు మండింది.

అలెక్స్ వెళ్ళి చెప్పేశాడు కదా, స్నేహితురాలిని అలా పట్టిస్తారా?

సీనియర్ సర్జన్ ఓవెన్ హంట్ చెవిన వేసింది అలెక్సే. చీఫ్ రెసిడెంట్, అంటే శిక్షణలో ఉన్న డాక్టర్లకు పెద్ద, ఆ పదవి కోసం పోటీ ఉంది, కడుపులో మంట ఉంది, పైగా తాగి ఉన్నాడు. ఉద్దేశం కడిగిన ముత్యమేమీ కాదు. కానీ ఉద్దేశం బాగాలేనంత మాత్రాన చెప్పింది అబద్ధం అయిపోదు. ట్రయల్‌లోని రోగులకు కావలసింది అలెక్స్ మనసు శుభ్రంగా ఉండటం కాదు, విషయం బయటకు రావడం. తోటివాళ్ళు అతన్ని వెలివేసిన ఎపిసోడ్లు చూస్తే, తప్పు చేసిన మనిషి కంటే చెప్పిన మనిషికే ఎక్కువ శిక్ష ఎలా పడుతుందో బాగా అర్థమవుతుంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఇది కొత్త కాదు.

డెరిక్‌కు కోపం వచ్చింది భార్య మీదా, సహచరి మీదా?

ఇద్దరి మీదా వచ్చింది, విడదీయలేకపోయాడు. అదే వాళ్ళ చిక్కు. ట్రయల్ అతని పేరు మీద నడుస్తోంది. ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు ఒకే పరిశోధన నడిపితే, ఒకరు తప్పు చేసినప్పుడు రెండోవారికి ఇంటికెళ్ళే దారి కూడా మూసుకుపోతుంది.

## తర్వాతి సీజన్లు

డెరిక్‌కు వెంటిలేటర్ తీసేయడానికి మెరెడిత్ సంతకం పెట్టేసింది. ఇంకాస్త ఆగి ఉండాల్సింది కదా?

పదకొండో సీజన్, 2015 ఏప్రిల్. రోడ్డు ప్రమాదం తర్వాత డెరిక్‌ను వేరే చిన్న ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తలకు సీటీ స్కాన్ వేళకు తీయలేదు. మెరెడిత్ చేరేసరికి మెదడు చచ్చిపోయింది. ఆమె స్వయంగా సర్జన్, స్కాన్ చూస్తే చాలు. 'ఆగాల్సింది' అనేది చూసేవాళ్ళ ఆశ, వైద్యం కాదు. ఆమె నిజంగా నిగ్రహించుకున్నది ఇంకోచోట: తప్పుచేసిన యువ డాక్టరును చితక్కొట్టకుండా, రోజూ గుర్తుంచుకోమని చెప్పి పంపింది.

మన దేశంలో వెంటిలేటర్ తీసే విషయంలో 2018 మార్చిలో సుప్రీంకోర్టు దారి చూపింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ముందుగానే రాసిపెట్టుకునే వైద్య విల్లు ఇద్దరు సాక్షులతో, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు రాసుకోవచ్చు.

భర్తను బెయిలీ సస్పెండ్ చేయడం కాస్త ఎక్కువైందేమో?

నాకు ఎక్కువనిపించలేదు. బెయిలీ అప్పుడు చీఫ్, ఆమె భర్త బెన్ వారెన్ రెసిడెంట్. ఆస్పత్రి తలుపులన్నీ మూసేసిన ఒక గందరగోళంలో బెన్ ఆపరేషన్ థియేటర్ బయటే గర్భిణికి కడుపు కోశాడు. తల్లీ పోయింది, బిడ్డా దక్కలేదు. ఆరు నెలలు సస్పెన్షన్.

భర్త కాకపోయి ఉంటే ఎంత వేసేది? ఆ ప్రశ్నకు జవాబు దొరకదు కాబట్టే భార్య ఆ కుర్చీలో కూర్చోకూడదు. నిజం ఆస్పత్రిలో ఇలాంటి ఫైలు బయటి కమిటీకి వెళ్ళాలి. తక్కువ వేస్తే పక్షపాతం అంటారు, ఎక్కువ వేస్తే మొగుడి మీద కక్ష అంటారు. ఇంటికెళ్ళాక రాత్రి వంటగదిలో ఇద్దరూ మాట్లాడుకోలేక తిరిగే సీన్లు ఈ సీజన్‌కు ప్రాణం.

పేదపిల్లకు వైద్యం చేయడానికి కూతురి పేరు వాడితే జైలా? మన ఆరోగ్యశ్రీ లాంటిది అక్కడ లేదా?

శరణార్థి అయిన ఒక తండ్రి, ఇన్సూరెన్స్ లేదు, కూతురు గ్యాబీకి క్యాన్సర్. మెరెడిత్ తన కూతురు ఎల్లిస్ పేరుతో ఆ పిల్లకు వైద్యం నడిపించింది. ప్రియుడు డెలూకా నేరం తన మీద వేసుకుని జైలుకెళ్ళాడు. తర్వాత ఆమే ఒప్పుకుంది. మెరెడిత్, అలెక్స్, వెబర్ ముగ్గుర్నీ బెయిలీ ఉద్యోగం నుంచి తీసేసింది. లైసెన్సు పోయే దాకా వచ్చి నిలిచింది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీని చూసిన మనకు, క్యాన్సర్ ఆపరేషన్‌కు పిల్ల దొంగపేరుతో పడుకోవాల్సి రావడం విడ్డూరంగా ఉంటుంది. అమెరికాలో 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీలో వచ్చినవాళ్ళను డబ్బు లేదని తిప్పి పంపకూడదు. కానీ ఆ పూట గండం గడిచాక నడవాల్సిన వైద్యానికి ఆ చట్టం పూచీ పడదు. మెరెడిత్ కోపం న్యాయమైందే.

అయినా ఒక చిక్కు చాలామంది చూడరు. గ్యాబీ రక్తం గ్రూపు, ఆపరేషన్ చరిత్ర, పడని మందులు ఇప్పుడు చిన్నారి ఎల్లిస్ ఫైల్లో చేరాయి. రేపు ఎల్లిస్‌కు జ్వరమొచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, డ్యూటీ డాక్టరు చూసేది ఆ ఫైలే.

## చూశాక వచ్చే సందేహాలు

నిజంగా డాక్టర్లు సొంతవాళ్ళకు వైద్యం చేయకూడదా? మా బాబాయి డాక్టరు, ఫోన్లోనే మందులు చెప్తాడు.

అమెరికన్ మెడికల్ అసోసియేషన్ నియమావళి ప్రకారం డాక్టర్లు తమకు తాము గానీ, దగ్గరి కుటుంబానికి గానీ సాధారణంగా వైద్యం చేయకూడదు. ఎమర్జెన్సీ, ఇంకో డాక్టరు దొరకని చోటు, చిన్నపాటి తాత్కాలిక ఇబ్బందులు మినహాయింపు. ఇది కొత్త ఆలోచన కాదు. ఆ సంఘం 1847లో రాసుకున్న మొట్టమొదటి నియమావళిలోనే, భార్యకో బిడ్డకో జబ్బుచేస్తే కలిగే ఆందోళన వైద్యుడి విచక్షణను మసకబారుస్తుందని, చేయి తడబడుతుందని రాశారు.

బాబాయి జలుబుకు చెప్పే మాత్రతో వచ్చే ప్రమాదం తక్కువ. చిక్కంతా ఎక్కడంటే, ఆయన అడగాల్సినవి అడగలేడు. అన్న కూతురిని నెలసరి గురించో, అన్నను తాగుడు గురించో అడగడానికి మొహమాటం. అడిగినా మనం నిజం చెప్పం. పొట్ట నొక్కి చూడకుండా, ఎక్కడా రాసిపెట్టకుండా ఫోన్లో నడిచే వైద్యం రోజులు గడిచేకొద్దీ గురి తప్పుతుంది. వేళ్ళు చల్లబడటం, ఛాతీలో నొప్పి, బరువు తగ్గడం లాంటివి బాబాయికి చెప్పండి, కానీ 'ఏ డాక్టరు దగ్గరకెళ్ళమంటావు' అని అడగడానికి.

మా అమ్మ తరఫున మేమే సంతకాలు పెడతాం. అది చెల్లదా?

అమ్మకు స్పృహ ఉండి, విషయం అర్థం చేసుకోగలిగితే సంతకం ఆవిడదే. 2008లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. పరీక్ష కోసం మత్తులో ఉన్న ఒక మహిళకు, బయట కూర్చున్న తల్లి సమ్మతి తీసుకుని గర్భాశయం తీసేసిన కేసు అది. ప్రాణాపాయం లేనప్పుడు, మత్తు దిగేదాకా ఆగి ఆమెనే అడగాల్సిందని, తల్లి సమ్మతి చెల్లదని తీర్పు. ప్రేమ ఉన్నంత మాత్రాన అధికారం రాదని దీనర్థం. స్పృహ లేని అత్యవసర పరిస్థితి వేరు. అప్పుడు ప్రాణం నిలపడానికి డాక్టరు ఎవరి సంతకం కోసమూ ఆగనక్కర్లేదు.

ఆస్పత్రిలో ఇంతమంది నిజంగానే చచ్చిపోతారా?

పోరు. 2018లో అమెరికా సర్జన్లు ఈ సీరియల్‌లోని గాయాల రోగులను అసలు ఆస్పత్రుల రికార్డులతో పోల్చి చూశారు. తెరమీద 22 శాతం చనిపోయారు, నిజంలో 7 శాతం. ఎమర్జెన్సీ నుంచి నేరుగా ఆపరేషన్ బల్ల మీదకు వెళ్ళినవాళ్ళు తెరమీద 71 శాతం, నిజంలో 25. రచయితల్లో ఒకరిగా జోయాన్ క్లాక్ అనే ఎమర్జెన్సీ డాక్టరు పనిచేశారు కాబట్టి తెలియక చేసిన తప్పు కాదిది, కథకు కావాల్సిన వేగం.

మా అమ్మాయి ఎంబీబీఎస్‌లో చేరింది. ఇది చూసి తప్పుడు పాఠాలు నేర్చుకుంటుందేమో?

2010లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఈ సీరియల్‌నూ, అదే కాలపు ఇంకో వైద్య సీరియల్‌నూ తీసుకుని, వాటి రెండో సీజన్లను కూర్చుని చూశారు. వైద్య నీతికి సంబంధించిన సన్నివేశాలు 179 లెక్కతేలాయి, అన్నిటికంటే ఎక్కువ రోగి సమ్మతి గురించే. వాటిలో ఆదర్శంగా చూపించినవీ ఉన్నాయి, అడ్డదిడ్డంగా చూపించినవీ ఉన్నాయి.

మానిపించడం ఎలాగూ మీవల్ల కాదు, ఫోనులో చూసేస్తుంది. దానికంటే కలిసి చూసి ఒక్క ప్రశ్న వేయండి: ఈ సీన్‌లో కనిపించని రోగి ఎవరు? డెన్నీ కథ అయ్యాక 17 సెకన్ల ముందువాడి గురించి అడగండి, అడెల్ కథ అయ్యాక ప్లసీబో పడ్డ మిగతావాళ్ళ గురించి అడగండి. సెకండియర్ దాటిన పిల్ల అయితే మీకంటే బాగా చెబుతుంది. పాథాలజీ ఇంటర్నల్స్ ముందు మాత్రం మొదలుపెట్టనివ్వకండి, చాలా సీజన్లకు ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు.